వీల్ అలైన్‌మెంట్: రోజూ తిరిగే కారుకి ఎలా చేయించాలి, రేసు కారుకి ఎలా పెట్టాలి

మీ కారు ముందు టైరు లోపలి అంచుని ఎప్పుడైనా చేత్తో తడిమి చూశారా? చాలామంది చూడరు. నేనూ చూసేవాణ్ని కాదు. కొత్త టైర్లు వేయించి ఏడాది కూడా కాకముందే, ఒకరోజు పంక్చర్ కోసం చక్రం విప్పించాను. బయటివైపు గ్రిప్పు నిండుగా ఉంది. లోపలివైపు మాత్రం రెండు వేళ్ల వెడల్పున నున్నగా అరిగిపోయి తీగలు కనిపిస్తున్నాయి. అంతకు మూడు నెలల ముందే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచూసే పని, చేయించాను. మెషిన్ తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి, ప్రింటు కూడా చేతిలో పెట్టారు. తర్వాత తేలిందేమిటంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి పట్టి ఉంచే చెయ్యి) బుష్, అంటే దాని మొదట్లో ఉండే రబ్బరు, చిరిగిపోయి ఉంది. కారు నిలబడి ఉన్నప్పుడు చక్రం ఉండే చోటు వేరు, బ్రేకు వేస్తే అది జరిగే చోటు వేరు. మెషిన్ చూసింది నిలబడి ఉన్న కారునే.

అప్పటి నుంచి ఈ విషయం వదల్లేదు. సొంత కారుకీ, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లే స్నేహితుల కార్లకీ అలైన్‌మెంట్ చూస్తూ వచ్చాను. నాకు అర్థమైంది ఇది: రోడ్డు కారుకైనా రేసు కారుకైనా చేసే పని ఒకటే, వాడే కోణాలూ అవే. తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది. టైరు నేల మీద నిండుగా ఆనాల్సింది ఏ క్షణంలో? రోడ్డు కారుకి నేరుగా పోతున్నప్పుడు ఆనాలి, ఎందుకంటే దాని బతుకంతా నేరుగా పోవడమే. రేసు కారుకి మలుపు మధ్యలో, బండి మొత్తం ఒకవైపు ఒరిగిపోయిన క్షణంలో ఆనాలి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోకుండా ఏ అంకె పెట్టినా అది గుడ్డి లెక్కే.

మూడు మాటలు ముందుగా

నిలబడి మీ పాదాల వైపు చూసుకోండి. బొటనవేళ్లు ఒకదానికొకటి దగ్గరగా తిప్పితే అది టో ఇన్. ఎడంగా తిప్పితే టో అవుట్. చక్రాలకీ అంతే, పైనుంచి చూడాలి.

క్యాంబర్ ఎదురుగా నిలబడి చూసేది. చక్రం పైభాగం ఇంజిన్ వైపు వాలితే నెగెటివ్, బయటికి వాలితే పాజిటివ్.

క్యాస్టర్‌ని పక్కనుంచి చూడాలి. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది కదా, అదే. ఆ వాలు సాయంతో చేతులు వదిలినా సైకిల్ నేరుగా పోతుంది, మలుపు తిప్పాక కారు స్టీరింగ్ దానంతట అదే వెనక్కి తిరుగుతుంది.

మూడింటిలో టైర్లని ఎక్కువగా తినేది టో. చాలామంది క్యాంబర్‌ని తిడతారు, కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. రిమ్ అంచు నుంచి అంచుకి 400 మి.మీ. అనుకుందాం. ముందు చక్రాల మధ్య దూరాన్ని ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలిస్తే 3 మి.మీ. తేడా వచ్చింది. అంటే ఒక్కో చక్రానికి 1.5 మి.మీ., కంటికి ఆనదు. కానీ ఆ కొద్దిపాటి వంకరతో ఒక్కో టైరు కిలోమీటరు దొర్లేలోపు 3.75 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకి 270 కిలోమీటర్లు వేసుకోండి. అక్కడికి చేరేసరికి ఆ టైరు కిలోమీటరు దూరం రోడ్డుకి అడ్డంగా రుద్దుకున్నట్టే. రబ్బరు ఎక్కడికి పోయిందని అడగక్కర్లేదు.

రోడ్డు కారు: షాపుకి వెళ్లకముందు

అసలు పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరుండే స్టిక్కర్ మీద ఎంత రాసి ఉంటే అంత గాలి పెట్టండి. ఒకవైపు గాలి తక్కువైతే కారు ఆ వైపుకి లాగుతుంది, దాన్ని అలైన్‌మెంట్ మీదకి తోసేస్తాం. డిక్కీలో ఏళ్ల తరబడి మోస్తున్న సామాను దించేయండి. కారు ఎత్తు మారితే కోణాలూ మారతాయి.

తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపండి. జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద స్టాండు పెట్టండి. అది లేకపోతే కనీసం స్టెప్నీ టైరునైనా బాడీ కిందకి తోయండి. చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపండి. టక్ టక్ మని కదిలితే టై రాడ్ (స్టీరింగ్ రాక్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) ఎండ్ గానీ రాక్ ఎండ్ గానీ, అంటే ఆ కడ్డీ రెండు కొసల్లో ఒకటి, అరిగిందన్నమాట. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే కదిలిందా, బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ పోయింది. లోయర్ ఆర్మ్ బుష్‌కి టార్చి వేసి చూడండి. రబ్బరు పగిలి లోపలి గొట్టం పక్కకి జరిగి ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. ఇవి మార్చకుండా అలైన్‌మెంట్‌కి పెట్టిన ప్రతి రూపాయీ వృథా. నేను ఒకసారి పెట్టాను కాబట్టి చెబుతున్నాను.

టైరు అరుగుదలని కూడా చదవండి. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికీ, బయటి నుంచి లోపలికీ రాయండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు కొబ్బరి కోరు పళ్లలా గరుగ్గా తగిలితే టో తేడాగా ఉంది. గరుకు లేకుండా ఒక అంచు మాత్రమే సాఫీగా అరిగితే క్యాంబర్‌ని అనుమానించాలి. రెండు అంచులూ అరిగి మధ్య నిండుగా ఉంటే అది గాలి తక్కువతో తిప్పడం, అలైన్‌మెంట్‌కి సంబంధం లేదు.

ఇంకో రెండు విషయాలు అలైన్‌మెంట్ కిందకి రావు, కానీ జనం వాటి కోసమే షాపుకి పోతారు. 80, 100 స్పీడులో స్టీరింగ్ వణికితే ముందు చూడాల్సింది బ్యాలెన్సింగ్. కారు ఒకవైపు లాగుతుంటే ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి నడిపి చూడండి, బాణం గుర్తున్న టైర్లు కాకపోతేనే. లాగే వైపు కూడా మారిందంటే తప్పు టైరులో ఉంది. అన్నట్టు, నీళ్లు నిలవకుండా మన రోడ్లకి అంచు వైపు వాలు ఇస్తారు, మనం నడిపేది ఎడమవైపు. కాబట్టి స్టీరింగ్ వదిలితే కారు మెల్లగా ఎడమకి జరగడం సహజం. లాగుతోందో లేదో తేల్చుకోవడానికి వాలు లేని పెద్ద ఖాళీ స్థలం వెతుక్కోండి.

షాపులో కారు దిగి, పక్కన నిలబడండి

కూర్చుని ఫోన్ చూసుకునే సమయం కాదిది. అడగడానికి మొహమాటపడొద్దు, "అన్నా, ముందు వెనక చక్రాల రీడింగ్ చూపించన్నా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. పని ఈ వరసలో జరగాలి.

చక్రాలకి సెన్సార్లు గానీ టార్గెట్లు గానీ బిగించాక, కారుని కొంచెం వెనక్కీ ముందుకీ దొర్లించడం గానీ, లేపి చక్రం తిప్పడం గానీ చేయాలి. రిమ్ కాస్త వంగి ఉన్నా, క్లాంపు సరిగ్గా కూర్చోకపోయినా ఆ తేడాని మెషిన్ తీసేసేది ఇక్కడే. తొందరలో ఈ మెట్టు దాటేస్తే తర్వాత వచ్చే అంకెలన్నీ తప్పే.

తర్వాత మెషిన్‌లో మీ కారు మోడలు, తయారైన సంవత్సరం సరిగ్గా ఎంచుకున్నారో లేదో తెర మీద మీరే చూడండి. ఆకుపచ్చ రంగుకి అర్థం "ఎంచుకున్న మోడలుకి కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉంది" అని మాత్రమే. వేరే మోడలు ఎంచుకుంటే వేరే కారుకి ఆకుపచ్చ వస్తుంది.

మొదట చూడాల్సింది వెనక చక్రాలు. స్విఫ్ట్ లాంటి చిన్న కార్లలో వెనక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇనుప దూలం) ఉంటుంది, అందులో తిప్పడానికి నట్లు ఉండవు కాబట్టి చాలాచోట్ల అసలు చూడనే చూడరు. చూడాలి. వెనక రెండు చక్రాలూ కలిసి ఒక వైపుకి చూస్తుంటే కారు పీతలా పక్కవాటుగా నడుస్తుంది. డ్రైవర్ తెలియకుండానే స్టీరింగ్ కొంచెం తిప్పి పట్టుకుని నేరుగా పోతుంటాడు. ముందు ఎన్నిసార్లు సరిచేసినా స్టీరింగ్ వంకర పోదు. పెద్ద గుంతలోనో డివైడర్ మీదో వెనక చక్రం గట్టిగా కొట్టుకున్న కార్లలో ఇది కనిపిస్తుంది. బీమ్ వంగితే మార్చాలి. తేడా చిన్నదైతే చక్రం బిగించే చోట షిమ్ములు (పలుచని రేకులు) వేసి సరిచేయొచ్చు.

ఆ తర్వాత ముందు క్యాంబర్, క్యాస్టర్. చాలా చిన్న కార్లలో ఈ రెండింటికీ కంపెనీ సర్దుబాటు ఇవ్వలేదు. కుడి ఎడమల మధ్య తేడా అర డిగ్రీ దాటితే "అడ్జస్ట్‌మెంట్ లేదు సార్" అన్నారని వదిలేయకండి. సర్దుబాటు లేని చోట అంకె మారిందంటే ఏదో వంగింది. స్ట్రట్టో (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే కాలు), నకిలో (చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ), ఆర్మో. గొలుసు కట్టి లాగి, జాకీతో తోసి క్యాంబర్ సరిచేస్తామనే చోట కారు పెట్టొద్దు. వంగిన ఇనుముని ఇంకోవైపు వంచితే అది బలం కోల్పోతుంది, మీరు కూర్చునేది దాని మీదే.

చివరికి టో. ఇది ఎప్పుడూ ఆఖరునే. క్యాంబర్ కదిపితే టో మారుతుంది, టో కదిపితే క్యాంబర్ దాదాపు మారదు. స్టీరింగ్‌ని నేరుగా పెట్టి లాక్ చేయాలి. లాక్ చేసే ముందు ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ని రెండు వైపులా కొంచెం ఊపి మధ్యకి తేవాలి, లేకపోతే పవర్ స్టీరింగ్ బిగుతు కొద్దిగా ఒకవైపు మిగిలిపోతుంది. టై రాడ్ లాక్ నట్ వదులు చేసి, రాడ్‌ని తిప్పుతారు. చిన్న కార్లలో పావు చుట్టుకే రిమ్ దగ్గర ఒక మిల్లీమీటరు అటూఇటూగా మారుతుంది, కాబట్టి స్పానర్ మీద చెయ్యి నెమ్మదిగా కదలాలి. తెర చూస్తూ ఎంత సరిగ్గా పెట్టినా, లాక్ నట్ బిగించేటప్పుడు రాడ్ కూడా తిరిగిపోయి అంకె జారిపోవడం రోజూ జరిగేదే. అందుకే బిగించాక మళ్లీ తెర చూడమనండి. రాక్ మీదుండే రబ్బరు బూటు మెలితిరిగి ఉంటే సరిచేయమనండి, అలాగే వదిలితే చిరిగి లోపలికి మట్టి పోతుంది.

రోడ్డు మీద తిరిగే ముందు చక్రాల డ్రైవ్ కారుకి సాధారణంగా టో సున్నా దగ్గర్లో, క్యాంబర్ సున్నా నుంచి నెగెటివ్ ఒక డిగ్రీ మధ్యలో ఉంటుంది. ఇంజిన్ ముందు చక్రాలని లాగేటప్పుడు అవి కొంచెం లోపలికి తిరగబోతాయి. వెనక చక్రాల డ్రైవ్ బండిలో ముందు చక్రాలు ఊరికే దొర్లుతూ బయటికి విచ్చుకోబోతాయి, అందుకే వాటికి కాస్త టో ఇన్ ఇస్తారు. మీ కారుకి కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

దిగగానే డబ్బులు ఇచ్చేయకుండా రోడ్డు మీద ఒక రౌండు వేయండి. నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ ఎడమకి వంగి ఉంటే రెండు చక్రాల టో మొత్తం సరిగ్గానే ఉండొచ్చు, వాటి మధ్య పంపకం తప్పింది. స్టీరింగ్ రాక్ ఇరుసుకి వెనకవైపున్న కార్లలో ఎడమ టై రాడ్‌ని కొంచెం పొట్టి చేసి, కుడిదాన్ని సరిగ్గా అంతే పొడవు చేయాలి. ఒకవైపు మాత్రమే తిప్పి స్టీరింగ్ నిలబెట్టేస్తే టో మొత్తం మారిపోతుంది, ఇది షాపుల్లో జరిగే తప్పుల్లో నేను ఎక్కువసార్లు చూసింది. ఇంకా ఘోరం, స్టీరింగ్ వీల్ ఊడదీసి ఒక పన్ను జరిపి బిగించడం. వద్దని గట్టిగా చెప్పండి. ఈఎస్‌సీ (కారు జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉన్న కార్లలో స్టీరింగ్ కోణం సెన్సార్‌ని మళ్లీ సున్నా చేయించాలి.

ముందు ఉన్న అంకెలు, తర్వాతి అంకెలు రెండూ ఉన్న ప్రింటు తీసుకోండి. తర్వాతిది మాత్రమే ఇస్తే ఏం మారిందో మీకు ఎప్పటికీ తెలియదు.

రేసు కారు: ఒరిగాక నిటారయ్యే చక్రం

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. ఇలాంటి రేసు కారుని ఎదురుగా చూస్తే ముందు చక్రాల పైభాగాలు లోపలికి వాలి ఉంటాయి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ పహిల్వాన్‌లా. రోడ్డు కారు అలా కనిపిస్తే ఏదో విరిగిందని ఆపేస్తాం. రేసు కారుకి అది కావాలనే పెడతారు.

ఎందుకో చెప్తాను. మలుపులో బండి బయటివైపుకి ఒరుగుతుంది. స్ట్రట్ సస్పెన్షన్ ఉన్న హ్యాచ్‌బ్యాక్‌లో బాడీ 3 డిగ్రీలు ఒరిగితే, బయటి ముందు చక్రం కూడా దాదాపు అంతే బయటికి వాలిపోతుంది, సస్పెన్షన్ వెనక్కి లాగేది కొంచెమే. నిలబడి ఉన్నప్పుడు సున్నా క్యాంబర్ ఉంటే మలుపులో టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. ముందే లోపలికి 3 డిగ్రీలు వాల్చి ఉంచితే, ఒరిగాక చక్రం నిటారుకి దగ్గరగా వచ్చి రబ్బరంతా నేలకి ఆనుతుంది. దీనికి బదులుగా నేరుగా పోయేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు లోపలి అంచు మీదే భారం పడుతుంది. రేసు కారుకి ఆ బేరం గిట్టుబాటు. కిరాణా కొట్టుకి పోయే కారుకి కాదు.

క్యాంబర్ ఎక్కువైతే ఏమవుతుందో ఫార్ములా వన్ చూసింది. 2013 జూన్ 30న సిల్వర్‌స్టోన్‌లో హామిల్టన్, మాసా, వెర్న్, పెరెజ్ అనే డ్రైవర్ల కార్లకి ఎడమ వెనక టైర్లు వరసగా పేలాయి. టైర్లు ఇచ్చిన పిరెల్లి కంపెనీ చెప్పిన కారణాల్లో ఎడమ కుడి టైర్లు అటుదిటు బిగించడం, గాలి మరీ తక్కువ పెట్టడం, క్యాంబర్ మరీ ఎక్కువ ఇవ్వడం, ఎత్తైన కెర్బుల (ట్రాక్ అంచు గట్ల) మీదికి ఎక్కించడం ఉన్నాయి. ఆ తర్వాత గాలికీ క్యాంబర్‌కీ టైరు కంపెనీ చెప్పిన హద్దు దాటకూడదని కట్టడి చేశారు. దాదాపు పదేళ్ల తర్వాత హుస్సేన్ సాగర్ రేసు గెలిచింది కూడా ఆ రోజు టైరు పేలిన జాన్ ఎరిక్ వెర్నే.

రేసు కారు పెట్టే వరస

మొదట నేల. మీ షెడ్డు నేల చదునుగా ఉందని అనుకోకండి, నాలుగు చక్రాల కిందా లెవెల్ పెట్టి చూడండి. తక్కువున్న చోట పలుచని టైల్స్, వినైల్ షీటు ముక్కలు వేసి సమం చేయండి. ఒకసారి చేశాక ఆ చోట్లకి పెయింటుతో గుర్తు వేసుకుంటే ప్రతిసారీ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

తర్వాత బండిని పరుగెత్తే స్థితికి తేండి. ట్యాంకులో సగం ఇంధనం, టైర్లలో వేడెక్కాక ఉండే గాలి, సీట్లో డ్రైవర్ బరువు. డ్రైవర్ గంటల తరబడి కూర్చోలేడు కాబట్టి అంత బరువున్న ఇసుక బస్తాలు సీట్లో పెడతారు. ఇది అతి జాగ్రత్త కాదు. 70 కిలోలు ఒక పక్క కూర్చుంటే ఆ మూల దిగుతుంది, క్యాంబర్ మారుతుంది.

అప్పుడు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఎక్కువ ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పి, కాయిలోవర్లతో (ఎత్తు సర్దగలిగే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జతలతో) కారు ఎత్తు పెట్టుకుని, నాలుగు చక్రాల కింద తూకాలు పెట్టి మూలల బరువు సరిచూడాలి. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే మొత్తంలో సగానికి దగ్గరగా రావాలి, రెండు వైపులా మలుపులున్న ట్రాక్‌కి ఇది. లింకుల్ని మళ్లీ బిగించేటప్పుడు బారు మీద బిగుతు లేకుండా పొడవు సర్దండి. ఎత్తు తేలకముందు క్యాంబర్ ముట్టుకుంటే చేసిన పని రెండోసారి చేయాలి.

క్యాంబర్ కోసం ఖరీదైన గేజ్ లేకపోయినా నడుస్తుంది. నిటారు లెవెల్ ఒకటి తీసుకుని రిమ్ పై అంచు, కింది అంచుల దగ్గర పట్టండి. లెవెల్ నిటారుగా ఉన్నప్పుడు పైన ఎంత ఖాళీ మిగిలిందో కొలవండి. 400 మి.మీ. దూరానికి 7 మి.మీ. ఖాళీ అంటే ఒక డిగ్రీ. ట్రాక్‌కి వెళ్లే స్ట్రట్ హ్యాచ్‌బ్యాక్‌కి ముందు నెగెటివ్ రెండున్నర నుంచి మూడున్నర, వెనక ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీల మధ్య మొదలుపెట్టొచ్చు. స్ట్రట్ పైన క్యాంబర్ ప్లేట్లు (స్ట్రట్ పైకొసని అటూఇటూ జరపనిచ్చే పలకలు) ఉంటే అక్కడ సర్దండి, లేకపోతే స్ట్రట్‌ని నకిల్‌కి బిగించే చోట క్యాంబర్ బోల్టుతో. క్యాస్టర్ దొరికినంత తీసుకోండి. స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి చక్రానికి అదనంగా నెగెటివ్ క్యాంబర్ ఇచ్చేది అదే, నేరుగా పోయేటప్పుడు టైరుని అరగదీయదు. స్టీరింగ్ బరువెక్కుతుంది, అంతే.

ఇక దారం. రేసు ప్యాడాక్‌లో (కార్లు సిద్ధం చేసే చోట) లేజర్లున్నా దారం ఇంకా బతికే ఉంది, ఎందుకంటే అది అబద్ధం చెప్పదు. కారుకి రెండు పక్కలా, చక్రం నడిమధ్య ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, ముందు బంపర్ దాటి వెనక బంపర్ దాటి, చేపల గాలానికి వాడే నైలాన్ తీగ బిగుతుగా కట్టండి. ముందుగా తీగల్ని కారుకి సమాంతరం చేయాలి. ముందు ఎడమ హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి తీగకి ఎంత దూరమో, ముందు కుడి హబ్ నుంచి అటువైపు తీగకి అంతే ఉండాలి. వెనక కూడా అంతే. ముందు కొలతా వెనక కొలతా ఒకటి కానక్కర్లేదు, చాలా కార్లలో ముందు చక్రాల ఎడం, వెనక చక్రాల ఎడం వేరు. కాబట్టి రెండు తీగల మధ్య దూరం ముందూ వెనకా ఒక్కటేనా అని కూడా టేపుతో చూసుకోండి. ఇది మర్చిపోయి మొత్తం కారుని తీగకి అనుగుణంగా వంకర చేసినవాళ్లని చూశాను.

తీగలు కుదిరాక స్టీల్ స్కేలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోండి. రిమ్ ముందు అంచు నుంచి తీగకి ఎంత, వెనక అంచు నుంచి ఎంత. స్కేలు తీగని తాకకూడదు, తాకితే తీగ కదిలి కొలత చెడుతుంది. ఒక కన్ను మూసి, స్కేలు గీత మీద తీగ నీడ పడే చోటు చదవండి. ముందు 62, వెనక 63 వచ్చిందంటే ముందు అంచు తీగకి దగ్గరగా ఉంది, అంటే ఆ చక్రం ఒక మి.మీ. బయటికి చూస్తోంది. సర్దిన ప్రతిసారీ కారుని కాస్త వెనక్కీ ముందుకీ దొర్లించి సస్పెన్షన్ సర్దుకోనివ్వండి, లేకపోతే టైర్లు నేలకి పట్టుకుని పాత కోణాన్నే చూపిస్తాయి. చక్రాల కింద రెండు పాలిథిన్ కవర్లు, మధ్యలో కొంచెం గ్రీజు వేస్తే ఈ పట్టు ఉండదు. రోడ్డు కారుకి ఇంట్లో అనుమానం తీర్చుకోవడానికి కూడా ఈ దారం చాలు.

ముందు మొత్తం మీద సున్నా నుంచి 2 మి.మీ. టో అవుట్‌తో మొదలుపెట్టండి. స్టీరింగ్ తిప్పగానే ముక్కు చురుగ్గా తిరుగుతుంది. వెనక సున్నా గానీ, కొంచెం టో ఇన్ గానీ. వెనక టో అవుట్ ఇస్తే బండి ఇంకా తిరుగుతుందని అనుభవం ఉన్న డ్రైవర్లు వాడతారు. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లేవాళ్లు దాని జోలికి పోవద్దు. మలుపులో యాక్సిలరేటర్ వదలగానే వెనక చక్రాలు ముందుకి రావాలని చూస్తాయి.

మలుపుకి టో అవుట్ మంచిది, నేరుగా పోయేటప్పుడు మాత్రం అది టైరుని రుద్దేస్తుంది. ఫార్ములా వన్ జట్టు మెర్సిడెస్ 2020లో ఈ చిక్కునే విప్పడానికి ఒక యంత్రం పెట్టింది. ఆ ఫిబ్రవరిలో బార్సిలోనా టెస్టింగ్‌లో హామిల్టన్ నేరుగా ఉన్న రోడ్డు మీద స్టీరింగ్‌ని తన వైపుకి లాగుతుంటే, ముందు చక్రాల టో కళ్లెదుటే మారడం కెమెరాలో అందరూ చూశారు. మలుపు ముందు మళ్లీ లోపలికి తోసేవాడు. దాన్ని డీఏఎస్ (డ్యుయల్ యాక్సిస్ స్టీరింగ్) అన్నారు. 2021 నుంచి నిషేధించారు. మనకి ఆ సౌకర్యం లేదు కాబట్టి ఒక అంకె ఎంచుకుని దానితోనే రాజీపడాలి. ఒకేవైపు తిరిగే చోట ఈ రాజీ కూడా తగ్గుతుంది. అమెరికాలో నాస్కార్ అనే కార్ల రేసులు జరిగే ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకుల మీద అన్నీ ఎడమ మలుపులే, అందుకే కుడి ముందు చక్రానికి నెగెటివ్, ఎడమదానికి పాజిటివ్ క్యాంబర్ పెడతారు.

ట్రాక్ మీద టైరుని అడగండి

షెడ్డులో పెట్టింది ఊహ. నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పి, చల్లార్చే ల్యాపు వేయకుండా నేరుగా పిట్‌కి (ట్రాక్ పక్కన కారు ఆపి పనిచేసే చోటుకి) రండి. సూది మొన ఉన్న టైరు థర్మామీటర్‌తో వెంటనే లోపల, మధ్య, బయట మూడు చోట్ల వేడి చూడండి. దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చెబుతుంది, అది నిమిషంలో పోతుంది. లోపలి అంచు బయటి అంచు కంటే 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటే క్యాంబర్ సరిపోయినట్టే. బయట ఎక్కువ వేడి ఉంటే ఇంకా నెగెటివ్ కావాలి. లోపల మరీ ఎక్కువైతే తగ్గించాలి. మధ్యది గాలి గురించి చెబుతుంది: అంచుల కంటే మధ్యలో వేడి ఎక్కువైతే గాలి ఎక్కువ, తక్కువైతే గాలి తక్కువ. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది పుస్తకంలో రాయండి. గాలి, క్యాంబర్ రెండూ ఒకేసారి మార్చి ల్యాప్ టైమ్ తగ్గితే దేని వల్ల తగ్గిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

గడియారం దిశలో తిరిగే ట్రాక్‌లో ఎడమ టైర్లకి పని ఎక్కువ. ఎడమ టైరు వేడి చూసి, కుడివైపు కూడా అదే మార్చేయకండి.

రెండు పనులూ ఒకే కారుతో చేసేవాళ్లకి

నెలకోసారి ట్రాక్, మిగతా రోజులు ఆఫీసు. మనలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. ముందు నెగెటివ్ ఒకటిన్నర, టో సున్నా పెట్టుకుంటే రెండింటికీ నడుస్తుంది. ఆ మాత్రం క్యాంబర్ టో సరిగ్గా ఉన్నప్పుడు టైర్లని పెద్దగా తినదు, ముందు వెనక టైర్లు వేళకి మార్చుకుంటే చాలు. స్ప్రింగులు మార్చి కారు దించినవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. దించాక టై రాడ్ కోణం మారుతుంది, దాంతో గుంత ఎక్కి దిగిన ప్రతిసారీ టో అటూఇటూ కదులుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద స్టీరింగ్ చేతుల్లో గిలగిలలాడితే కారణం అదే. దీన్ని అలైన్‌మెంట్ మెషిన్ పోగొట్టలేదు, టై రాడ్ ఎండ్ ఎత్తు సరిచేసుకోవాలి లేదా కారుని కొంచెం పైకి లేపాలి.

క్యాంబర్ ప్లేట్లు ఉన్నవాళ్లు రోడ్డు స్థానానికి ఒక రంగు, ట్రాక్ స్థానానికి ఇంకో రంగు పెయింటు గీత పెట్టుకోండి. రెండు స్థానాల్లోనూ టో విడిగా కొలిచి, టై రాడ్ ఎన్ని చుట్లు తిప్పితే సరిపోతుందో రాసి పెట్టుకోండి. ట్రాక్ నుంచి ఇంటికి బయల్దేరే ముందు ప్లేట్లు వెనక్కి జరిపి, రాసుకున్నన్ని చుట్లు తిప్పి, లాక్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఇంటికి చేరాక, 100 కిలోమీటర్లలోపే, ఆ నట్లని ఇంకోసారి చూడండి. అప్పుడే ముందు టైర్ల లోపలి అంచుల మీద అరచెయ్యి రాసి చూడటం కూడా అయిపోతుంది.